సెకనుకు అయిదు ఫొటోలు

మా ఫ్రిజ్ తలుపుకి ఒక ఫొటో అంటించి ఉంటుంది. ఇంటికొచ్చిన వాళ్ళు దాన్ని చూసి "ఇదేం ఫొటో వదినా?" అని అడక్క మానరు. ఆకుపచ్చ కోర్టు, తెల్లగీతలు, మధ్యలో నెట్టు, ఓ మూల ఎవరిదో నీళ్ళసీసా. అంతే! మనిషన్నవాళ్ళు లేరు. కుడివైపు అంచున నీలంరంగు బూటు మాత్రం సగం కనిపిస్తుంది. ఆ బూటు మా అమ్మాయిది. నేను మీట నొక్కినప్పుడు పిల్ల సరిగ్గా మధ్యలోనే ఉంది. కెమెరా తీరిగ్గా ఫొటో తీసేసరికి పాయింటు గెలవడం, పక్కకి వెళ్ళిపోవడం కూడా అయిపోయింది.

ఆ బూటు ఫొటో నుంచి ఇవాళ్టిదాకా నేను నేర్చుకున్నది, పోగొట్టుకున్నది రెండూ చెప్తాను. కెమెరా కొందామనుకునే అక్కచెల్లెళ్ళకి పనికొస్తుంది.

మాది గోదావరిఖని. సింగరేణి క్వార్టర్లో ఉంటాం. మావారు బాయిలో పనిచేస్తారు. గనిని మా దిక్కు బాయి అనే అంటాం. ఆయనది బెల్టు దగ్గర పని. లోపల తవ్విన బొగ్గు రబ్బరు బెల్టు మీద నడుచుకుంటూ వచ్చి బంకర్లో పడుతుంది. వారానికో షిఫ్టు మారుతుంది. మొదటి షిఫ్టు వారమైతే సాయంత్రం మనిషి దొరుకుతాడు. రెండో షిఫ్టు అయితే రాత్రి పదకొండు దాటాక ఇల్లు చేరతాడు. మూడో షిఫ్టు అయితే పగలంతా కిటికీకి దుప్పటి కట్టుకుని నిద్ర. ఇంట్లో కుక్కర్ విజిల్ కూడా భయపడుతూ వేస్తుంది.

మా అమ్మాయి ఆరో తరగతి నుంచి షటిల్ ఆడుతోంది. ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఏం చిత్రమో గాని, మ్యాచీ ఎప్పుడున్నా ఆయన బాయిలోనో, నిద్రలోనో ఉంటారు. మూడేళ్ళలో ఒక్క మ్యాచీ కూడా మొదట్నించి చివరిదాకా చూడలేదు. రాత్రి అన్నం దగ్గర కూచుని "ఎట్లాడిందే బిడ్డ?" అంటారు. "మంచిగనే ఆడింది" అంటాను. అంతకుమించి నాకు చెప్పరాదు. కూర ఎలా వండాలో చెప్పగలను గానీ, పిల్ల గాల్లోకి లేచి కొట్టిన దెబ్బని అన్నంకంచం ముందు ఎట్లా చెప్పడం?

సెల్లుఫోన్లో వీడియో తీయొచ్చు కదా అంటారేమో. తీశాను. నలభై నిమిషాల వీడియో. మూడో నిమిషానికే ఆయన గురక పెట్టారు. మర్నాడు అడిగితే "గండ్ల ఉరుకుడే కనబడ్తది, బిడ్డ మొఖం కనబడదు" అన్నారు. నిజమే, ఫోన్లో మా అమ్మాయి చీమంత ఉంది.

ఇంకో మాట కూడా నా మనసులో ఉండేది. ఆయన పని చేస్తుండగా తీసిన ఫొటో మా ఇంట్లో ఒక్కటి లేదు. బాయి దిగేముందు జేబులు తడుముతారు. బీడీ, అగ్గిపెట్టె, సెల్లు ఏవీ లోపలికి పోకూడదు. గ్యాసు ఉండే చోట చిన్న నిప్పురవ్వ చాలు కొంప మునగడానికి. ఇక ఫ్లాష్ కొట్టే కెమెరా సంగతి చెప్పాలా? ఇరవై ఆరేళ్ళ సర్వీసులో ఆయన పగలూ రాత్రీ ఎట్లా గడిచాయో చూపించడానికి మా దగ్గర కాగితం ముక్క లేదు. పిల్ల ఆటన్నా ఉండాలి కదా అనిపించింది.

దసరా ముందు లాభాల వాటా వచ్చింది. అసలైతే ఆ డబ్బుతో మిక్సీ మార్చాలి. మా మిక్సీ చట్నీ తిప్పితే పక్క క్వార్టరు వాళ్ళు తలుపు తీసి చూస్తారు, అంత చప్పుడు. సరే, ఇంకో ఏడాది మోగనీ అనుకుని, లక్ష్మీనగర్‌లో పెళ్ళిళ్ళు తీసే ఒక తమ్ముడి దగ్గర పాత డీఎస్ఎల్‌ఆర్ కెమెరా కొన్నాను. ఇరవై రెండు వేలు. అతను కొత్తరకం మిర్రర్‌లెస్ కొనుక్కుంటూ దీన్ని అమ్మేశాడు. "అక్కా, ఇది సెకనుకు అయిదు ఫొటోలు కొడతది. మీట మీది వేలు తియ్యకు, అంతే" అన్నాడు.

సెకనుకు అయిదు! నా పెళ్ళికి రీలుకు ముప్ఫై ఆరు ఫొటోలు. ఆ ఫొటోగ్రాఫరు ఒక్కో ఫొటోకి మా మొహాలు అటు తిప్పి ఇటు తిప్పి, ఊపిరి బిగపట్టమని, తాళి కట్టేటప్పుడు పంతులుగారిని కూడా కాసేపు ఆగమన్నాడు. ఆ లెక్కన నా పెళ్ళి మొత్తం రీలు ఏడు సెకన్లలో అయిపోతుంది. ఇంక మా అమ్మాయి ఆటలో నాకు దొరకనిదేముంది అనుకున్నాను.

మొదటి మ్యాచీకి వెళ్ళాను. ఆటో మీద పెట్టి నొక్కాను. టప్పున ఫ్లాష్ వెలిగింది. అంపైరు చెయ్యెత్తి ఆట ఆపేశారు. హాలంతా నావైపు తిరిగింది. మా అమ్మాయి నేల చూసింది. కాకు మీద కళ్ళు పెట్టి ఆడే పిల్లల మొహాన ఫ్లాష్ కొడితే ఊరుకుంటారా? పైగా ఫ్లాష్ వెలిగితే మళ్ళీ ఛార్జీ ఎక్కడానికి టైము పడుతుంది. అయిదు కొట్టే కెమెరా ఒకటి కొట్టి కూచుంటుంది. ఆపేశాను.

ఆపాక అన్నీ చీకటి, మసక. పిల్ల చెయ్యి ఉన్నచోట దూదిపింజెలాంటిది ఏదో ఉంది. సరే పోనీ, మూడో గేములో పద్దెనిమిది-పద్దెనిమిది వచ్చింది. నాకు ఆవేశం వచ్చి మీట మీది వేలు తియ్యలేదు. టకటకటకటక... కొంచెంసేపటికి టక... టక... అని నీరసపడింది. ఆ తర్వాత ఏం నొక్కినా పలకలేదు. వెనకాల చిన్న లైటు మిణుకుమిణుకుమంటోంది. అప్పుడే మా పిల్ల నెట్టు పక్కన కాకుని అట్లా పడేసి పాయింటు గెలిచింది. హాలంతా చప్పట్లు. కెమెరాకి అప్పుడు ప్రాణం వచ్చి ఒక ఫొటో తీసింది. ఫ్రిజ్ మీద ఉన్నది అదే.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ కెమెరాని తిట్టాను. ఇరవై రెండు వేలు పోసి మిక్సీ మానుకుంటే నన్ను మోసం చేసిందన్నాను. ఆయన ముద్ద కలుపుతూ ఒక్కమాట అన్నారు.

"బంకర్ నిండిందే."

"ఏం బంకర్?"

"బెల్టు మీద బొగ్గు వస్తనే ఉంటది. కింద టిప్పర్లు తీస్కపోయే జోరు తక్కువున్నదనుకో, బంకర్ నిండుతది. నిండినంక బెల్టు ఆపాల్సిందే. నీ డబ్బాల గూడ అసుంటిదే ఏదో ఉంటది."

మర్నాడు స్టూడియో తమ్ముణ్ణి అడిగితే అతను నోరు తెరిచాడు. అక్షరాలా అంతే! కెమెరా తీసిన ఫొటోలు ముందు బఫర్ అనే చోట పడతాయట. అక్కణ్ణించి మెల్లగా కార్డులోకి పోతాయి. కార్డు నెమ్మదిగా రాసుకునేదైతే బఫర్ నిండిపోయి కెమెరా ఆగిపోతుంది. బొగ్గు బెల్టు నడిపే మనిషికి అరనిమిషంలో అర్థమైనది నాకు ఇరవై రెండు వేలు పోస్తే గాని అర్థం కాలేదు.

అక్కణ్ణించి ఒక్కొక్కటీ సవరించుకున్నాను. నా కెమెరా రా అనే పెద్ద ఫైళ్ళు తీసేట్టు పెట్టి ఉంది. పెళ్ళి ఆల్బములు దిద్దుకునేవాళ్ళకి అవి కావాలి, నాకెందుకు? జెపెగ్‌కి మార్చాను. దాంతోనే కెమెరా ఊపిరి మూడింతలయింది. ఫొటోలో గింజ తగ్గించేదని, లెన్సు వంకర సరిచేసేదని లోపల ఏవేవో సోకులు ఉంటాయి. ఒక్కో ఫొటోకి ఆ సింగారం చేస్తూ కూచుంటే బఫర్ తొందరగా నిండుతుంది. అవీ తీసేశాను. కార్డు మార్చాను. ఇక్కడ ఒక మోసం ఉంది, గమనించండి. కార్డు మీద పెద్ద అక్షరాలతో వేసేది సాధారణంగా చదివే వేగం. మనకి కావాల్సింది రాసే వేగం. గుండ్రంలో 10 అని ఉంటే సెకనుకు కనీసం 10 ఎంబీ రాస్తుందని హామీ. వీ30 అనో, యూ గుర్తులో 3 అనో ఉంటే 30 ఎంబీ. నేను వీ30 కొన్నాను.

వెలుగు సంగతి వేరే. మేం ఆడే హాల్లో లైట్లున్నాయి గాని, కళ్ళకి చాలే వెలుగు కెమెరాకి చాలదు. ఎగిరే పిల్ల మసక లేకుండా రావాలంటే షట్టరు సెకనులో 500వ వంతు, ఇంకా కుదిరితే 1000వ వంతు మాత్రమే తెరుచుకోవాలి. అంత తక్కువసేపు తెరిస్తే లోపలికి వెలుగెక్కడిది? కెమెరాతో వచ్చిన లెన్సుని పూర్తిగా జూమ్ చేస్తే దాని కన్ను ఎఫ్5.6 దాకానే తెరుచుకుంటుంది. తమ్ముడు తన దగ్గరున్న పాత 50 ఎంఎం, ఎఫ్1.8 లెన్సు ఇచ్చాడు. జూమ్ లేదు గానీ దాదాపు పదింతల వెలుగు లోపలికొస్తుంది. ఐఎస్ఓ 3200 పెట్టాను. ఫొటో మీద బొంబాయిరవ్వ చల్లినట్టు గింజ కనబడుతుంది. కనబడనీ. మసక ఫొటో కంటే రవ్వ ఫొటో నయం.

ఫోకస్ కూడా మార్చాలి. మామూలుగా కెమెరా ఒకసారి గురి చూసి ఆగిపోతుంది. మనిషి ముందుకీ వెనక్కీ ఉరికే ఆటకి గురి కూడా ఆమె వెంట ఉరకాలి. నికాన్, సోనీల్లో దాన్ని ఏఎఫ్-సి అంటారు, కెనాన్‌లో ఏఐ సర్వో అన్నారు. నెట్టుకి ఎదురుగా నిలబడితే గురి నెట్టుని పట్టుకుంటుంది. అందుకని కోర్టు మూలకి జరిగి, పిల్ల ఉన్న వైపే నిలబడాలి.

ఇన్ని చేశాక ఇంకో దయ్యం బయటపడింది. వరసగా తీసిన అయిదు ఫొటోల్లో ఒకటి తెల్లగా, ఒకటి పసుపుపచ్చగా, ఒకటి నల్లగా! పిల్లకి కామెర్లొచ్చి, తగ్గి, మళ్ళీ వచ్చినట్టు. ఇది మా పక్క క్వార్టరు ఎలక్ట్రీషియన్ తమ్ముడు తేల్చాడు. మన కరెంటు 50 సైకిల్స్. అందువల్ల చాలా రకాల లైట్లు సెకనుకు 100 సార్లు పెరిగి తగ్గుతుంటాయి. మన కంటికి తెలీదు. 500వ వంతు మాత్రమే తెరుచుకునే షట్టరుకి ఒకసారి పెరిగిన వెలుగు దొరుకుతుంది, ఒకసారి తగ్గినది. షట్టరు 100వ వంతు పెడితే అన్నీ ఒకే రంగులో వస్తాయి, కాని పిల్ల మసకైపోతుంది. ఇప్పుడు కొన్ని కెమెరాల్లో ఈ మినుకుని కనిపెట్టి, వెలుగు పెరిగిన క్షణంలోనే ఫొటో తీసే ఏర్పాటుంది. నాదాంట్లో లేదు. మూడింట ఒకటి బాగా వస్తే చాలని రాజీపడ్డాను. ఉదయం మ్యాచీలైతే పై కిటికీల్లోంచి ఎండ పడుతుంది, అప్పుడు కొంత నయం.

ఇన్నీ సర్దుకున్నాక కూడా నాకు రాకెట్టు మీద కాకు ఉన్న ఫొటో ఒక్కటి దొరకలేదు. తగలకముందుది ఒకటి, తగిలాక ఒకటి. మధ్యది లేదు.

మన అమలాపురం అబ్బాయి సాత్విక్‌సాయిరాజ్ రంకిరెడ్డి 2023లో కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్లని గిన్నిస్ వాళ్ళు రాసుకున్నారు. నేను కూరగాయలు తరుగుతూ లెక్క వేశాను. అంటే సెకనుకు 157 మీటర్లు. నా కెమెరా ఒక ఫొటోకీ ఇంకో ఫొటోకీ మధ్య సెకనులో అయిదో వంతు ఖాళీ పెడుతుంది. వేగం తగ్గకపోతే ఆ ఖాళీలో కాకు 31 మీటర్లు పోవాలి. కోర్టు పొడవేమో 13 మీటర్ల 40 సెంటీమీటర్లు! ఈకల కాకు గాలికి తొందరగానే నెమ్మదిస్తుంది, మా పిల్ల సాత్విక్ కూడా కాదు. అయినా సరే, నా అయిదు ఫొటోల సందుల్లోంచి ఆట మొత్తం జారిపోతుంది. సోనీ వాళ్ళు 2023లో సెకనుకు 120 ఫొటోలు తీసే కెమెరా తెచ్చారు. మనం మీట పూర్తిగా నొక్కకముందు జరిగినవి కూడా దాచిపెట్టే కెమెరాలొచ్చాయి. లక్షల మాట. మా మిక్సీ వింటే నవ్వుతుంది.

పాతకాలం వాళ్ళెట్లా తీశారు మరి? మనదేశంలో పత్రికలకి ఫొటోలు తీసిన మొదటి మహిళ హొమై వ్యారవాలా పెద్ద స్పీడ్ గ్రాఫిక్ కెమెరా మోసుకుని తిరిగేవారు. దాంట్లో ఒక ఫొటో తీశాక షీటు మార్చుకుంటే గాని రెండోది లేదు. అయినా కావాల్సిన క్షణం ఆమెకి దొరికింది.

నాకు తోవ వంటింట్లో దొరికింది. పోపులో ఆవాలు చిట్లుతాయి. చిట్లాక మూత పెడితే ఏం లాభం? మొదటి ఆవగింజ కదలగానే చెయ్యి మూత మీద ఉండాలి. అట్లాగే మా అమ్మాయి స్మాష్ కొట్టేముందు ఎడమచెయ్యి పైకెత్తి కాకుని చూపిస్తుంది. కుడి మోచెయ్యి వెనక్కి పోతుంది. ఆ మోచెయ్యి కదిలినప్పుడు నొక్కాలి. నాలుగైదు ఫొటోలు కాగానే వదిలెయ్యాలి. కాకుని చూస్తూ కూచుంటే ఎప్పటికీ ఆలస్యమే. ఇరవై రోజులు ప్రాక్టీసులో పిల్ల మోచెయ్యి తప్ప ఇంకేం చూడలేదు. ఒకసారి దొరికింది! ఈకలు వంగి, రాకెట్టు తీగల మీద అతుక్కున్న కాకు. ఆ సాయంత్రం కాలనీ అంతా తిరిగి చూపించాను. నవ్వకండి.

జిల్లా పోటీలొచ్చాయి. 212 ఫొటోలు తీశాను. కెమెరా ఒక్కసారి కూడా ఆగలేదు. రాత్రి మావారు స్నానం చేసి వచ్చాక పక్కన కూచుని కెమెరా వెనక చక్రం తిప్పి చూపించాను. గబగబా తిప్పితే బొమ్మలు కదులుతాయి. పిల్ల వంగింది, లేచింది, ఎగిరింది, కొట్టింది. ఆయన అన్నం మర్చిపోయారు. "మళ్ళ తిప్పు... మెల్లగ..." అంటూ మూడుసార్లు చూశారు. నా మిక్సీ డబ్బులు ఆ క్షణంలో తీరిపోయాయనుకున్నాను.

నాలుగోసారి చూస్తూ "గీడ ఆపు" అన్నారు.

ఆపాను. పాయింటు పోయాక ఫొటో అది. పిల్ల నిలబడి ఉంది.

"ఇంకొంచెం ముందుకు తిప్పు. ఇగో... గిదొకటి. అగో, మళ్ళ. పాయింట్ పోయినప్పుడల్లా బిడ్డ నీదిక్కే సూస్తుంది గదనే."

నేను చూడలేదు, నమ్మండి. ఫొటో తీసింది నేనే, చూడలేదు. నా కళ్ళు మోచెయ్యి మీద, కాకు మీద, మిణికే లైటు మీద ఉన్నాయి. చక్రం మెల్లగా తిప్పుతూ లెక్కపెట్టాను. పదకొండు చోట్ల. కాకు నేల తాకుతుంది, పిల్ల తల వంచుతుంది, తర్వాత ఫొటోలో సూటిగా లెన్సులోకి చూస్తుంది. బడికి పోయిన మొదటిరోజు గేటు దగ్గర చూసిన చూపు. దానికి నేనేం జవాబిచ్చాను? ఇంకో రెండు ఫొటోలు తీశాను. మూడు గేముల మ్యాచీ, పిల్ల ఓడిపోయింది.

ఆయన ఇంకేం అనలేదు. వెళ్ళి చల్లారిన అన్నం తిన్నారు.

మర్నాడు జడ వేస్తూ అడిగాను. ఎదురుగా మొహం కనబడదు కాబట్టి జడ వేసేటప్పుడే మా ఇంట్లో అసలు మాటలు నడుస్తాయి.

"ఆటలో నావైపు ఎందుకు చూస్తవే?"

"ఊకెనే."

"చెప్పు."

కొంచెంసేపు దువ్వెన చప్పుడే. తర్వాత అంది. "ఇదివరకు చూస్తే నువ్వు తలూపుతుంటివి. ఇప్పుడు నువ్వు కనబడవమ్మా. నల్లగ గుండ్రం కనబడ్తది. పాయింట్ పోయినంక కూడ టకటక సప్పుడు వినబడ్తది."

"ముందే చెప్పొద్దా?"

"మిక్సీ కొనుక్కోకుంట కొన్నవ్ గద."

నాకు జడ పాయలు చేతిలో కలిసిపోయాయి. మళ్ళీ మొదట్నించి అల్లాను.

కెమెరాని బీరువాలో చీరల కింద పెట్టేశాను. తర్వాతి మ్యాచీకి వట్టి చేతులతో పోయాను. రెండు గేములూ కళ్ళతో చూశాను. ఎంత బాగా ఆడుతుందో మా పిల్ల! మోచెయ్యి ఒక్కటే ఆడదని, కాళ్ళు కూడా ఆడతాయని అప్పుడు చూశాను. ఇంటికి వస్తుంటే అదే అడిగింది. "కెమెరా తేలేదా? డాడీ ఏం చూస్తడు మరి?"

దానికి అది కూడా కావాలి, ఇది కూడా కావాలి. పధ్నాలుగేళ్ళ పిల్ల, కావద్దూ?

అప్పుడు కుదుర్చుకున్న పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. సర్వీసు వెయ్యగానే కెమెరా పైకి. మోచెయ్యి కదిలితే నాలుగు ఫొటోలు. కాకు నేల తాకగానే కెమెరా ఒళ్ళోకి. పాయింటు గెలిచినా పోయినా నా మొహం పిల్లకి కనబడాలి. పదో పదిహేనో సెకన్లు. చిత్రమేమిటంటే, ఆ పదిహేను సెకన్లలో బఫర్ కూడా ఖాళీ అవుతుంది. అంతకుముందు ఈ సంగతి తెలిసుంటే కార్డుకి పెట్టిన డబ్బులన్నా మిగిలేవి.

స్టూడియో తమ్ముడు మాత్రం నెత్తి కొట్టుకున్నాడు. "అక్కా, పాయింట్ గెలిచినంక పిడికిలి బిగబట్టి అరుస్తరు చూడు, గదే అసలు ఫొటో! పేపర్ల గదే ఏస్తరు." తెలుసు. సింధు ఫొటోలు ఎన్ని చూడలేదు! కోర్టులో గట్టిగా అరవమని గోపీచంద్ ఆ అమ్మాయికి పట్టుబట్టి నేర్పించారట కూడా. మా పిల్లా అరుస్తుంది. ఆ ఫొటో మాత్రం నా దగ్గర ఒక్కటీ లేదు. అరిచేటప్పుడు నేను చప్పట్లు కొడుతుంటాను. శబ్దం చెయ్యని మిర్రర్‌లెస్ కొనుక్కోమన్నాడు. అవి చప్పుడు లేకుండా తీస్తే ఈ మినుకు లైట్ల కింద ఫొటో మీద చారలు పడతాయని మళ్ళీ తనే చెప్పాడు. అయినా నా గొడవ ఒక్క చప్పుడుతోనే తీరేదా?

ఎవరన్నా పాత కెమెరా కొనేట్టయితే ఒకటి అడగండి, ఇప్పటికి షట్టరు ఎన్నిసార్లు కొట్టిందని. ఇలాంటి చిన్న డీఎస్ఎల్‌ఆర్‌లకి లక్షసార్ల దాకా అని ఒక లెక్క చెప్తారు. ఇట్లా వరసగా కొట్టేవాళ్ళ చేతిలో లక్ష ఎంతలో అవుతుంది! నేను అడక్కుండా కొన్నాను. నాది అప్పటికే డెబ్భై వేలు దాటిందట.

మొన్న ఫిబ్రవరిలో మావారు సెలవు పెట్టి మ్యాచీకి వచ్చారు. "నాకు ఆట తెల్వది, నేనేం జేస్త ఆడ?" అంటూనే ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, బాయి దగ్గర మస్టరు పిలుపు కోసం కూచున్నట్టు కూచున్నారు. పాయింటు ఎవరిదో తెలియక ప్రతిదానికీ ఒక క్షణం ఆగి, నన్ను చూసి చప్పట్లు కొట్టారు.

మూడో గేము. పంతొమ్మిది-ఇరవై. పిల్ల సర్వీసు. నేను కెమెరా ఎత్తాను. ర్యాలీ సాగుతోంది. ఎందుకో కెమెరాని పిల్ల మీంచి పక్కకి తిప్పాను. 50 ఎంఎం లెన్సులో ఆయన నిండుగా పట్టారు. మీట నొక్కి, వేలు తియ్యలేదు.

పాయింటు పోయింది. పంతొమ్మిది-ఇరవై ఒకటి. కెమెరా ఒళ్ళో పెట్టుకుని చూస్తే పిల్ల నావైపు చూడలేదు, వాళ్ళ డాడీ వైపు చూసింది.

ఆ రాత్రి ముగ్గురం కూచుని చక్రం తిప్పాం. పధ్నాలుగు ఫొటోలు. మొదటిదాంట్లో మోకాళ్ళ మీద చేతులు. నాలుగోదాంట్లో నోరు తెరిచారు. ఏడోదాంట్లో లైటు తగ్గి మొహం నల్లగా, బాయిలోంచి అప్పుడే పైకొచ్చినట్టు ఉంది. పదోదాంట్లో సగం లేచారు. పదమూడోదాంట్లో కుర్చీ మాత్రమే ఉంది.

"నేనేడ పోయిన?" అన్నారు.

పధ్నాలుగో ఫొటోలో అంచున ఆయన మోచెయ్యి దొరికింది. మా అమ్మాయి పడీ పడీ నవ్వింది. ఆ పధ్నాలుగూ కడిగించి ఇమ్మని స్టూడియోలో ఇచ్చాను. ఫొటోకి పన్నెండు రూపాయలు. కుర్చీ ఒక్కటే ఉన్నదానికి కూడా పన్నెండు ఎందుకని ఆయన గొణిగారు గాని, దాన్నే తీసుకుని ఫ్రిజ్ మీద బూటు ఫొటో పక్కన పెట్టుకున్నారు. మిక్సీ మాత్రం ఇంకా మారలేదు.